పదకొండు, ఇరవై మూడు, పదహారు: ఆస్పత్రికి తిరిగొచ్చిన రోజుల లెక్క

మా మానసిక వైద్య వార్డుకు అయిదుసార్లు వచ్చిన ఒక రోగి కథ ఇది. ఈ కేసు రాయడానికి ఆయన అనుమతి తీసుకున్నాను. రాసిన తర్వాత చదివి వినిపించాను కూడా. గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ మార్చాను. ఇంటికి పంపిన ఎన్నో రోజున తిరిగొచ్చారన్న లెక్క, మందులు, మా తప్పులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను. రోజుల లెక్క మారిస్తే ఈ కేసులో చెప్పడానికి ఏమీ మిగలదు.

నేపథ్యం

నలభై అయిదు దాటిన మనిషి. యంత్రాల మరమ్మతు పని, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. భార్య కూతురిని తీసుకుని వేరుగా వెళ్లిపోయారు. ఆయన ఉన్న ఇల్లు ఖాళీ చేసి అక్క ఇంటికి చేరారు. మూడు వారాలు తిరగకుండానే నిద్ర కరువైంది, పని మానేశారు. చనిపోవాలన్న ఆలోచన రోజంతా వదలడం లేదని ఒక రాత్రి అక్కతో చెప్పారు. ఆమె తెల్లవారే దాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకొచ్చారు. ఆమె ఆ రాత్రి ఆగకపోవడమే ఈ కథలో మొదటి మంచి నిర్ణయం.

మొదటి చేరిక

చేర్చుకున్న డాక్టర్ రాసింది అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్. జీవితంలో తగిలిన దెబ్బను తట్టుకోలేక మనసు కుంగిపోవడం అన్నమాట. ఆ నిర్ధారణకు ఆధారం లేకపోలేదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం నిర్ధారణ పుస్తకం డీఎస్ఎమ్-5 ప్రకారం ఒత్తిడి మొదలైన 3 నెలల్లోపు లక్షణాలు రావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకం ఐసీడీ-11 అయితే సాధారణంగా నెలలోపు అంటుంది. ఈయనకు మూడు వారాలు. కారణం కళ్ల ముందే ఉంది. అయితే రెండు పుస్తకాలూ పెట్టే షరతు ఒకటుంది: మరో మానసిక రుగ్మత లక్షణాలన్నీ సరిపోతే ఈ పేరు పెట్టకూడదు. కారణం అంత స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు ఆ షరతు గుర్తుకు రావడం కష్టం.

ఇక్కడ ఒక మాట. ఈ రుగ్మతను తెలుగులో సర్దుబాటు రుగ్మత అంటే కుటుంబానికి అది ‘సర్దుకుపోవడం చేతకాని మనిషి’ అని వినబడుతుంది. ఈయన బావ అలాగే అర్థం చేసుకున్నారు. “అందరూ సర్దుకుపోవడం లేదా?” అని వార్డులోనే అన్నారట. అప్పటి నుంచి కుటుంబాలతో మాట్లాడేటప్పుడు ఆ పదం వాడటం మానేశాను. ‘తట్టుకోలేనంత దెబ్బ తగిలింది’ అని చెబుతున్నాను.

మూడో రోజుకు నిద్ర పట్టింది, అయిదో రోజుకు ఆకలి వచ్చింది. ఒత్తిడికి దూరం కాగానే తేరుకున్నారు కాబట్టి నిర్ధారణ సరైనదేనని కేస్ షీట్‌లో రాశారు. ఈ తర్కం నేనూ ఎన్నోసార్లు వాడాను. అందులో పెద్ద లొసుగుంది. వార్డులో దీపాలు రోజూ ఒకే వేళకు ఆరిపోతాయి. రాత్రి షిఫ్టు ఉండదు. లాయరు ఫోను రాదు. మాత్ర ఎవరో తెచ్చి చేతిలో పెడతారు. ఇన్ని ఒక్కసారిగా మారినప్పుడు ఏది మేలు చేసిందో ఎలా చెబుతాం? మొదలుపెట్టిన డిప్రెషన్ మందు సెర్ట్రలిన్ 50 మిల్లీగ్రాములకు ఆ ఘనత దక్కదు, అది అయిదు రోజుల్లో పనిచేసే మందు కాదు. మేలు చేసినవన్నీ వార్డుకు చెందినవే. డిశ్చార్జి రోజు సాయంత్రానికి అవేవీ ఆయన దగ్గర ఉండవు.

ఎనిమిదో రోజు పంపించారు. పది రోజులకు మాత్రలు ఇచ్చారు. చనిపోవాలన్న ఆలోచనలతో వచ్చిన మనిషి చేతికి నెల రోజుల మందు ఇవ్వకూడదన్న జాగ్రత్త సరైనదే. ఓపీకి రమ్మన్నది డిశ్చార్జి తర్వాత ఇరవై ఒకటో రోజున. ఫార్మసీ వాళ్లు పదిని చూశారు, ఓపీ కౌంటరు వాళ్లు ఇరవై ఒకటిని చూశారు. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూసిన వాళ్లు లేరు.

పదకొండో రోజున ఆయన తిరిగొచ్చారు.

రెండో చేరిక, ఓపీలో ఆరు నిమిషాలు

కేస్ షీట్‌లో మొదటి వాక్యం: ‘మందులు సరిగా వాడలేదు.’ చాలా రోజుల తర్వాత నేను అడిగితే ఆయన చెప్పింది వేరు. “మాత్రలు అయిపోయాయి డాక్టర్ గారూ. అయిపోయాయంటే వైద్యం అయిపోయిందనుకున్నాను. ఇంకా ఇలాగే ఉన్నానంటే ఇక ఇంతే అనుకున్నాను.” ఒక్క రోజు మాత్ర తప్పినందుకు ఎవరికీ వ్యాధి తిరగబెట్టదు. ఆయన్ను పడగొట్టింది ఆ ఖాళీ పట్టీకి ఆయన చెప్పుకున్న అర్థం. దానికి తోడు పదో రోజునే విడాకుల నోటీసు చేరింది.

ఈసారి నిర్ధారణ డిప్రెషన్‌గా మారింది, సెర్ట్రలిన్ 100కు పెరిగింది. గతంలో ఎప్పుడైనా ఉత్సాహం హద్దు దాటిన రోజులున్నాయా అని అడిగినట్టు ఎక్కడా లేదు. పది రోజుల తర్వాత ఇంటికి పంపించారు. పాత పొరపాటును దిద్దుకుని, మాత్రలు పద్నాలుగు రోజులకు ఇచ్చి, పద్నాలుగో రోజునే ఓపీకి రమ్మన్నారు.

వచ్చారు. ఆ రోజు ఓపీలో ఉన్నది నేనే. గడ్డం గీసుకుని, వేళకు ముందే వచ్చి, చక్కగా మాట్లాడారు. నిద్ర తక్కువే గానీ ఇబ్బందేమీ లేదన్నారు. నేను ఆయనతో గడిపింది ఆరు నిమిషాలు. ‘చాలా మెరుగు. నిద్ర కాస్త తక్కువ. అవే మందులు’ అని రాశాను. ఆ రెండో వాక్యం నా చేత్తో నేనే రాసి దాన్ని దాటి వెళ్లిపోయాను. కొద్ది వారాల కిందట ఏడుస్తూ ఉన్న మనిషి నవ్వుతూ ఎదురుగా కూర్చుంటే డాక్టరుకు ప్రాణం లేచొస్తుంది. అలాంటప్పుడు ఇంకో ప్రశ్న వేయబుద్ధి కాదు.

ఇరవై మూడో రోజున అక్క, బావ ఇద్దరూ ఆయన్ను పట్టుకుని తీసుకొచ్చారు.

మూడో చేరిక: పేరు మారింది

మూడు రాత్రులుగా నిద్ర లేదు. మాట మీద మాట. ఏడుపు, అంతలోనే కోపం. చావు ఆలోచనలు ఈసారి వేగంగా, తోసుకుంటూ వస్తున్నాయన్నారు. వార్డు సమావేశంలో ‘మూడుసార్లు వచ్చారంటే వ్యక్తిత్వంలోనే ఏదో లోపం ఉండి ఉంటుంది’ అన్న మాట వచ్చింది. మాకు కారణం దొరకనప్పుడు రోగి స్వభావం మీద నెట్టే అలవాటు మా వృత్తికి పాతదే. నాకూ ఆ మాట నోటిదాకా వచ్చిందని ఒప్పుకోవాలి. ఆపింది నా ఆరు నిమిషాల రాతే. నిద్ర తక్కువ, ఇబ్బంది లేదు. నిద్ర పట్టక అవస్థ పడటం వేరు, నిద్రే అక్కర్లేకపోవడం వేరు.

ఆ రోజు అక్కను విడిగా కూర్చోబెట్టి పద్నాలుగో రోజు చుట్టూ ఏం జరిగిందని అడిగాను. ఆమె చెప్పినదంతా ఆమె దృష్టిలో శుభవార్తే. తమ్ముడు కోలుకున్నాడనుకున్నారు. రాత్రి రెండింటి దాకా పనిముట్ల పెట్టె సర్దేవారట. ఇంట్లో పాడైన వస్తువులన్నీ ఆరు రోజుల్లో బాగుచేశారు. సొంతంగా వర్కుషాపు పెడతానని ముగ్గురి దగ్గర అప్పు మాట్లాడారు. నాలుగు గంటలు పడుకుని లేచి హుషారుగా తిరిగారు. ఇలా ఉత్సాహం హద్దు దాటే స్థితిని హైపోమేనియా అంటాం. దానికి డీఎస్ఎమ్-5 కోరేది వరుసగా కనీసం 4 రోజులు, చుట్టూ ఉన్నవాళ్లకు తెలిసేంత మార్పు. ఇక్కడ ఆరు రోజులు. తమ్ముడు మళ్లీ పనిమంతుడయ్యాడని ఆమె సంబరపడ్డారు, నేను ‘చాలా మెరుగు’ అని రాశాను. ఇద్దరిలో డిగ్రీ ఉన్నది నాకు.

అయినా తొందరపడలేదు. యాంటీడిప్రెసెంట్ వేసుకుంటున్న మనిషిలో కనిపించిన ఉత్సాహం మందు వల్ల కావచ్చు. మందు లేని రోజుల్లో ఇలాంటిది ఉందా అన్నది అసలు ప్రశ్న. ఆయనకు ఇరవై నాలుగేళ్లప్పుడు ఒకసారి, ముప్పై దాటాక ఒకసారి ఇలాంటి రోజులు వచ్చాయని, రెండుసార్లూ వాటి వెనుకే నెలల తరబడి మంచం దిగలేదని అక్క గుర్తుచేసుకున్నారు. ఆయనను అడిగితే మంచం పట్టిన నెలలు చెప్పారు గానీ ముందటి రోజులు చెప్పలేదు. బాగున్న రోజుల్ని జబ్బుగా ఎవరు లెక్కపెడతారు? హైపోమేనియా, కుంగుబాటు విడతలుగా వచ్చే ఈ జబ్బును, అంటే బైపోలార్ రెండో రకాన్ని, డాక్టర్లు ఏళ్ల తరబడి ఉత్త డిప్రెషన్‌గా చూడటానికి ఇదొక ముఖ్య కారణం.

సెర్ట్రలిన్ ఆపేశాం. మూడ్ ఎత్తుపల్లాలను అదుపులో ఉంచే లిథియం ఎంచుకోవడానికి కారణం ఆత్మహత్య ముప్పు. మూడ్ రుగ్మతల్లో ఆ ముప్పును తగ్గిస్తుందని ఎక్కువ ఆధారం ఉన్న మందు అదే. చిక్కేమిటంటే మోతాదు మించితే ప్రమాదకరమైన మందు కూడా అదే. ఇంట్లో ఎక్కువ నిల్వ ఉంచలేం. మూత్రపిండాలు, థైరాయిడ్, ఈసీజీ చూసి మొదలుపెట్టాం. చివరి మోతాదు తర్వాత 12 గంటలకు తీసిన రక్తంలో లీటరుకు 0.7 మిల్లీమోల్ వచ్చింది. కావలసింది అదే. పందొమ్మిదో రోజున, మబ్బు విడిన మొహంతో ఇంటికి వెళ్లారు. అసలు రోగం దొరికింది, సరైన మందు పడింది, ఇక రారు అనుకున్నాను.

నాలుగో చేరిక: నా గర్వభంగం

పదహారో రోజున వాంతులు, విరేచనాలు, చేతుల్లో పెద్ద వణుకు. రక్తంలో లిథియం 1.4, ఉండవలసినదానికి రెట్టింపు. నడుము నొప్పికి అయిదు రోజులుగా ఇబుప్రోఫెన్ వేసుకుంటున్నారు. ఆ జాతి నొప్పి మాత్రలు మూత్రపిండాల నుంచి లిథియం బయటకు పోకుండా అడ్డుకుంటాయి. దానికి విరేచనాల వల్ల నీరు తగ్గడం తోడైంది. లిథియం ఆపి, సెలైన్ ఎక్కించి, రెండు రోజులు జనరల్ వార్డులో ఉంచాక మా దగ్గరికి పంపారు.

నొప్పి మాత్రల గురించి చెప్పలేదా? చెప్పాను. డిశ్చార్జి రోజు ఇరవై నిమిషాల్లో పదకొండు జాగ్రత్తలు చెప్పాను, లెక్కపెట్టుకుంటే తేలింది. సంచీ సర్దుకుని, బిల్లు కాగితం చేత్తో పట్టుకుని, గుమ్మం వైపు చూస్తున్న మనిషికి! అందులో ఆయనకు గుర్తున్నవి రెండు: నీళ్లు బాగా తాగాలి, మాత్ర మానకూడదు. వాంతులు అవుతున్నా మాత్ర మానలేదు. నేను చెప్పిందే శ్రద్ధగా చేశారు. ఆపద సమయంలో ఏం చేయాలో రాసిచ్చే కాగితమూ అంతే. మా నర్సు దాన్ని అచ్చు ఫారంలో, మా భాషలో నింపింది. అది మడత విప్పకుండా సంచీ అడుగున దొరికింది.

నాలుగుసార్లూ నాలుగు వేర్వేరు కారణాలని రాసుకోవచ్చు: భార్య వెళ్లిపోవడం, విడాకుల నోటీసు, మందు తెచ్చిన ఉధృతి, నొప్పి మాత్ర. అలా రాస్తే ప్రతిదానికీ ఒక మందు, ఒక సలహా దొరుకుతాయి. ఆ రాత్రి నేను చేసిన పని వేరు. ఒక పొడవాటి కాగితం మీద ముప్పై గళ్లు గీసి, మూడు డిశ్చార్జీల తర్వాతి రోజుల్ని ఒకదాని కింద ఒకటి రాశాను. ఏ రోజు మాత్రలు అయిపోయాయి, ఏ రోజు ఎవరు కలిశారు, ఏ రోజు అక్క పనికి వెళ్లి ఆయన ఒంటరిగా ఉన్నారు. మూడు వరుసల్లోనూ ఓపీలో నేను చూసిన ఆరు నిమిషాలు తప్ప మా వైపు నుంచి ఒక్క గీత లేదు. మొదటి వారం నుంచి నాలుగో వారం దాకా అన్నీ తెల్ల గళ్లే. ఆస్పత్రి నుంచి వెళ్లిన తొలి వారం, తొలి మూడు నెలలు ఆత్మహత్య ముప్పు అన్నిటికన్నా ఎక్కువగా ఉండే కాలమని మాలో తెలియని వాళ్లు లేరు. పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతే అది.

మార్చినవి

అన్నిటికన్నా ముందు మాత్రలు. తక్కువ ఇవ్వడం అవసరం. అయితే అవి అయిపోయే రోజున మనిషి ఎదురుగా ఉండాలి. లిథియం ఏడు రోజులకే కట్టి ఇచ్చాం. ఏడో రోజున వచ్చి తీసుకోవాలి. ఇచ్చేది వార్డులో ఆయనకు తెలిసిన నర్సే. పొట్లం వంకతో వారానికోసారి పది నిమిషాల మాట జరుగుతుంది, కావలసిన వేళ రక్త పరీక్ష జరుగుతుంది. నిల్వ భయమూ తీరింది, తెల్ల గళ్లూ నిండాయి. మొదటి డిశ్చార్జిలో ఆయన్ను ముంచిన జాగ్రత్తే ఇప్పుడు ఆయన్ను పట్టుకునే తాడు అయింది.

రెండో రోజున, అయిదో రోజున ఫోను. అడిగేవి మూడే: రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు, పొట్లంలో ఎన్ని మాత్రలున్నాయి, నిన్న ఎవరితో కలిసి తిన్నారు. సలహాలు ఇవ్వకూడదని నర్సుకు గట్టిగా చెప్పాను. దీనికి నాకు ధైర్యమిచ్చింది అమెరికా మానసిక వైద్యుడు జెరోమ్ మోటో చేసిన పాత పని. ఆస్పత్రి నుంచి వెళ్లాక వైద్యం కొనసాగించడానికి ఇష్టపడని 843 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మాత్రం ఏమీ కోరని చిన్న ఉత్తరాలు అయిదేళ్ల పాటు పంపారు. 2001లో అచ్చయిన ఫలితాల్లో, తొలి రెండేళ్లలో ఆ గుంపులో ఆత్మహత్యలు తక్కువగా కనిపించాయి. ఆ ఉత్తరాల్లో వైద్యమేమీ లేదు.

జాగ్రత్తల కాగితాన్ని ఆయనే మళ్లీ రాశారు, ఆయన మాటల్లో. తొలి హెచ్చరిక దగ్గర మా ఫారంలో ‘మూడ్ పెరగడం’ అని ఉండేది. ఆయన రాసుకున్నది: ‘రాత్రి పది దాటాక పనిముట్ల పెట్టె తెరిస్తే.’ కుంగుబాటుకు: ‘ఫోను మోగుతుంటే చూస్తూ కూర్చుంటే.’ మందుల జాగ్రత్తలు పదకొండు నుంచి మూడుకు తగ్గించాం: నొప్పి మాత్ర కొనే ముందు ఫోను, వాంతులు విరేచనాలు అయితే ఫోను, వణుకు పెరిగితే ఫోను. మిగతావి వారం వారం ఒక్కొక్కటిగా చెప్పాం.

అక్క విషయం సున్నితమైంది. భయం కొద్దీ ఆమె రోజుకు పదిసార్లు ‘ఎలా ఉంది?’ అని అడిగేవారు, దిండు కింద మాత్రలు వెతికేవారు. ఆయన గొంతు పెంచేవారు, ఆమె ఏడ్చేవారు. 1950లలో లండన్‌లో సామాజిక శాస్త్రవేత్త జార్జ్ బ్రౌన్ బృందం మానసిక ఆస్పత్రుల నుంచి వెళ్లిన వారిని గమనించి, తల్లిదండ్రుల దగ్గరికో భార్య దగ్గరికో చేరినవారే, అద్దె గదుల్లోనో తోబుట్టువుల దగ్గరో ఉన్నవారి కన్నా ఎక్కువగా తిరిగొచ్చారని చూపింది. ఆ లెక్కన మా రోగి సురక్షితమైన ఇంట్లోనే ఉన్నారు. తోబుట్టువు కూడా తల్లి అయిపోవచ్చునని మాత్రం ఆ లెక్కలో లేదు. ఆమెతో విడిగా నాలుగుసార్లు కూర్చున్నాం. రోజుకు ఒకే ప్రశ్న, అది కూడా ఉదయమే, నిద్ర గురించి మాత్రమే అని ముగ్గురం ఒప్పందం రాసుకున్నాం. ఆమెకు అది మొదటి వారం నరకంలా ఉందట.

ఆయన అనుమతితో పనిచేసే చోటికి ఉత్తరం రాసి రాత్రి షిఫ్టు మాన్పించాం. నిద్ర తప్పితే ఈ జబ్బు లేస్తుంది. లేవగానే నిద్రను ఇంకా తినేస్తుంది. డిశ్చార్జికి ముందు రెండు రాత్రులు ఇంట్లో గడిపి మళ్లీ వార్డుకు రమ్మన్నాం, అక్కడ తేలిన చిక్కుల్ని ఇక్కడ సరిచేసి పంపించాం.

అయిదో చేరిక

ఇరవై ఆరో రోజున ఆయనే ఫోను చేశారు. కోర్టు వాయిదా తర్వాత రెండు రాత్రులు మూడేసి గంటలే నిద్ర పట్టిందని, నిన్న రాత్రి పెట్టె తెరిచానని. బట్టల సంచీతో సాయంత్రానికి నడిచి వచ్చారు. లిథియం 0.7 దగ్గరే ఉంది. నిద్రకు కొద్ది రోజులు క్వెటియాపిన్ ఇచ్చాం. మూడు రాత్రులుండి వెళ్లారు. చావు ఆలోచనలు రాలేదు, ఇంట్లో గొడవ కాలేదు, అప్పు చేయలేదు.

రిజిస్టరులో ఇది ముప్పై రోజుల్లోపు రీఅడ్మిషన్. అక్క, బావ పట్టుకొచ్చిన ఇరవై మూడో రోజుదీ అదే గడిలో, అదే గుర్తుతో ఉంది. నెలవారీ సమావేశంలో ఈ కేసును వైఫల్యాల కింద చూపించారు. నేను వాదించాను, ఫలితం లేదు. ఆ అంకెను తగ్గించడం కష్టమేమీ కాదు. మనుషుల్ని అవసరం లేకున్నా ఎక్కువ రోజులు ఉంచేసుకోవచ్చు, లేదా గుమ్మం దగ్గరే వెనక్కి పంపేయవచ్చు. రెండింటిలోనూ అంకె అందంగా కనిపిస్తుంది. ఆయన నడిచి రావడం ఆ కాగితంలో రాయడానికి గడి లేదు.

ఇప్పటికి

ఆ తర్వాత పద్నాలుగు నెలలైంది, మళ్లీ చేరలేదు. ఇందులో ఏది పనిచేసిందో విడదీసి చెప్పలేను. లిథియమా, పగటి షిఫ్టా, నర్సు ఫోనులా, లేక విడాకుల కేసు దానంతట అది చల్లబడటమా. మొదటి నిర్ధారణ పూర్తిగా తప్పని కూడా అనలేను. భార్య వెళ్లిపోకపోతే ఆయన ఆ రాత్రి మా దగ్గరికి వచ్చేవారు కాదు. దెబ్బ నిజం, దాని కింద పాత జబ్బూ నిజం. దెబ్బ కనిపించగానే మేం వెతకడం ఆపేశాం.

పోయిన నెల లిథియం ఎప్పుడు ఆపవచ్చని అడిగారు. చేతి వణుకు కొద్దిగా మిగిలింది, సన్నని స్క్రూలు బిగించేటప్పుడు చికాకుగా ఉందన్నారు. హఠాత్తుగా ఆపితే జబ్బు త్వరగా, గట్టిగా తిరగబెట్టే ముప్పుందని, ఎప్పుడైనా ఆపాలనుకుంటే నెలల మీద మెల్లగా తగ్గించాలని చెప్పాను. 0.6 వైపు ఒక మెట్టు దించి వణుకు తగ్గుతుందేమో ముందు చూద్దామన్నాను. కూతురు సెలవులకు వస్తోందని, ఆ నెల దాటాకే మోతాదు మార్చమని ఆయన కోరారు. సరేనని తారీఖు కేస్ షీట్ మీద రాసి, దాని పక్కన ఆ వారం ఫోను ఎవరు చేయాలో కూడా రాశాను.